మంచు సీజన్ ముందు మన ఊరి సమావేశం

అందరికీ నమస్కారం.

ఆదివారం ఉదయం 10 గంటలకు బడి ఆవరణలో కలుద్దాం. నవంబరు వస్తే మంచు చూడటానికి వచ్చే పర్యాటకులతో లంబసింగి దారి పొడవునా బండ్లు బారులు తీరతాయి. ఆలోపే మన పద్ధతి మనం ఖరారు చేసుకోవాలి.

ముందు గెడ్డ (వాగు) సంగతి. పోయిన జనవరిలో గట్టు మీద ఏరిన ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలతో రెండు ఎరువుల సంచులు నిండాయి. మన పిల్లలు తాగేది ఆ నీళ్లే! అందుకే గెడ్డ పక్కన గుడారాలు వద్దని నా గట్టి అభిప్రాయం. మీ మాట కూడా చెప్పండి.

గదులు ఇచ్చేవారు: ఎంతమందికి నీళ్లు, మరుగుదొడ్డి సరిపోతాయో రాసుకుని రండి.
వంట చేసే అక్కలు: బొంగులో చికెన్‌కు అందరం ఒకే ధర అనుకుందాం. వడ్డన అడ్డాకు విస్తర్లలోనే.
కాఫీ, మిరియాలు అమ్మేవారు: చిన్న పొట్లాల నమూనా తెండి.

స్థలం లీజుకు అడిగేవారు వస్తే తొందరపడి సంతకం పెట్టకండి. గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో (గిరిజన ప్రాంతంలో) గిరిజనేతరులకు లీజుతో సహా ఏ భూమి బదలాయింపూ చెల్లదు.

సమావేశానికి వచ్చేవారు శనివారం రాత్రిలోగా ఈ మెసేజ్ కింద పేరు పెట్టండి. ఫోను లేని పెద్దలకు పక్కింటివారు కబురు చెప్పండి.