సింగ్‌నగర్ వరద నుంచి గోవా ఫినిష్ లైన్ దాకా: నన్ను చేర్చిన వాళ్లందరికీ

2024 అక్టోబర్ 27, ఆదివారం గోవాలో జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్‌ను గడువులోపే పూర్తి చేశాను. అప్పటి నుంచి ఫోన్లు, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. స్కూల్లో పేపర్లు దిద్దే పని మీద పడి ఒక్కొక్కరికీ జవాబు ఇవ్వలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అభినందనలన్నీ నాకే చెప్తున్నారు. కానీ ఈ పతకంలో వాటా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకుండా ఉండటానికి నాకు మనసొప్పడం లేదు. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా అన్నారు కాబట్టి వరసలతోనే పిలుస్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకు రాగానే 90 కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3. ఆ పేరు అందుకే. ఈతకు గంటా పది నిమిషాలు, ఈతా సైకిలూ కలిపి ఐదున్నర గంటలు, మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు గడువు. ఎక్కడ గడువు దాటినా అక్కడే ఆపేస్తారు. ఇంకో నియమం కూడా ఉంది. రేసులో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ఇంట్లోవాళ్లు మంచినీళ్ల సీసా అందించినా, పక్కన పరుగెత్తినా తప్పే. సైకిల్ మీద ముందున్నవాళ్ల చాటున గాలి తప్పించుకుంటూ పోవడానికీ వీల్లేదు, 12 మీటర్ల ఎడం పాటించాలి.

అంటే నా వాళ్లు ఏం చేసినా రేసు రోజుకు ముందే చేయాలి. వాళ్లు చేసిందేమిటో చెప్తాను.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మా సింగ్‌నగర్‌లోకి వచ్చింది. మాది గ్రౌండ్ ఫ్లోర్. చేతికందిన సర్టిఫికెట్లు, అత్తయ్య మందులు, పాప పుస్తకాలు పట్టుకుని పై వాటాలోకి ఎక్కేశాం. సైకిల్ కిందే ఉండిపోయింది. పై వాటా పిన్ని, బాబాయిగారు మా నలుగురినీ రోజుల తరబడి సొంత మనుషుల్లా చూసుకున్నారు. ఉన్న బియ్యం అందరికీ సరిపెట్టారు, పడవల్లో వచ్చిన పాలప్యాకెట్లు, డ్రోన్లు వదిలిన పొట్లాలు పక్క మేడలవాళ్లతో పంచుకున్నారు. కరెంటు లేదు, ఫోన్ లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు పోయాయి. ఎన్నడూ లేనంత వరద అది. పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దుకున్నాయి. నేను ఈత నేర్చుకున్న కృష్ణ అదే.

నీళ్లు తీశాక ఇంట్లో బురద చూసి, రేసు సంగతి మనసులోంచి తీసేశాను. బీరువా ఉబ్బిపోయింది, ఫ్రిజ్ పడిపోయింది, మా ఆయన బండి పాడైపోయింది. ఇలాంటప్పుడు గోవా ఏమిటి అనిపించింది. ఆ మాటే అత్తయ్యతో అన్నాను. ఆవిడ చీపురు ఆపకుండానే, "ఇల్లు ఎట్టాగూ కడుగుతాం. నువ్వు ఈత మానకమ్మా" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వేసుకునే బిగుతు దుస్తులు, అదే ట్రైసూట్, వేసుకుని నేను బయటికి వెళ్తుంటే నలుగురూ ఏమనుకుంటారో అని ఆవిడ ఎన్నడూ అనలేదు. తెల్లవారుజామున నాకంటే ముందు లేచి రాగిజావ కాచి ఇచ్చిందీ ఆవిడే. అత్తయ్యా, మీకు నా నమస్కారాలు.

సైకిల్‌ని నీళ్లలోంచి తీసినప్పుడు పెడల్ తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు వచ్చింది. గవర్నర్‌పేట సైకిల్ షాపు అన్న దగ్గరికి తీసుకెళ్లాం. అప్పటికే ఆయన షాపు ముందు వరదలో మునిగిన సైకిళ్లు గుట్టగా పడి ఉన్నాయి. "ముందు పేపర్ కుర్రాళ్లవి, పాలవాళ్లవి అయిపోవాలమ్మా, నీది రాత్రిళ్లు చూస్తా" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది. అన్నట్టే రాత్రిళ్లు కూర్చుని రెండు చక్రాల హబ్బులూ, పెడళ్లు తిరిగే బాటమ్ బ్రాకెట్టూ, హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్టూ విప్పి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించాడు. చైను, కేబుళ్లు మార్చాడు. సామాన్లకు తప్ప కూలికి రూపాయి తీసుకోలేదు. అన్నా, ఆ సైకిల్ 90 కిలోమీటర్లూ గేరు తప్పకుండా తిరిగింది.

ఇక ఈత. ఘాట్‌లో నాకు నదిలో ఈత నేర్పిన పెద్దాయన, నేను ఈదుతుంటే పక్కనే పడవ నడుపుతూ వచ్చిన పడవ బాబాయ్, వీళ్లిద్దరూ లేకపోతే లోతు నీళ్లంటే నాకు భయం పోయేది కాదు. వరద తర్వాత కృష్ణలో దిగే మాటే లేదు. సముద్రానికి తయారు కావలసిన వారాల్లో నాకు దొరికింది ఈతకొలను ఒక్కటే. కోచ్ గారు దాన్నే సముద్రం చేశారు. అక్కడ నేర్చుకునే పిల్లల్ని నలుగుర్ని నా చుట్టూ వదిలి కాళ్లతో నీళ్లు కొట్టమనేవారు. వాళ్లు తగులుతూ, రాసుకుంటూ పోతుంటే నోట్లోకి నీళ్లు పోయినా ఆగకుండా ఈదాలి. గోడ ముట్టుకోకూడదు, గోడకు ముందే తిరగాలి. గట్టు మీద ఎర్ర బకెట్ పెట్టి, కొన్ని బారలకొకసారి కళ్లు మాత్రం పైకెత్తి దాన్ని చూడమనేవారు. బకెట్ చోటు మార్చేవారు, నేను కనిపెట్టాలి. గోవాలో ఈత దారి చూపే బోయాలు, అంటే నీళ్ల మీద తేలే గుర్తులు, వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఆ బకెట్టే గుర్తొచ్చింది. సార్, మీకూ, ఆ నలుగురు పిల్లలకూ చాలా థాంక్స్.

బ్యారేజీ మీదుగా అమరావతి రోడ్లకు సైకిల్ తొక్కే మా ఆదివారం బ్యాచ్‌కు, సైకిల్ దిగగానే మొద్దుబారిన కాళ్లతో నేను పరుగెడుతుంటే ఎండలో నిలబడి ఎదురుచూసిన చెల్లెళ్లకు, నా మొదటి పీరియడ్లు సర్దుకున్న తోటి టీచర్లకు, సెలవు ఇచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారికి కృతజ్ఞతలు. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో నా సైకిల్ పెట్టె కోసం తమ సామాన్లన్నీ పైకి ఎక్కించుకున్న నంద్యాల కుటుంబానికి కూడా.

రేసు రోజు సంగతికి వస్తాను. మీరామార్ బీచ్‌లో పొద్దున్నే ఈత మొదలైంది. వెట్‌సూట్ అనే రబ్బరు ఈత దుస్తులు ఉంటే మనిషి తేలిగ్గా తేలుతాడు, కానీ నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే దానికి అనుమతి లేదు. అక్టోబర్‌లో గోవా సముద్రం అంతకంటే బాగా వెచ్చగా ఉంటుంది. మొదటి బోయా దాటాక ఓ అల నేను ఊపిరి తీసుకునే వైపు నుంచే వచ్చి ముఖాన కొట్టింది. ఉప్పునీళ్లు గొంతులో దిగాయి. దగ్గు ఆగలేదు, గుండె దడదడలాడింది, చేతులు పనిచేయలేదు. చెయ్యి పైకెత్తాను. కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీదున్న లైఫ్‌గార్డు రెండు తెడ్డు వేటుల్లో నా పక్కకు వచ్చేశాడు. కయాక్ పట్టుకోవచ్చు, అది మనల్ని ముందుకు లాగకూడదు, అంతే నియమం. పట్టుకున్నాను. ఆ కుర్రాడు తెడ్డు అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, "ఆరామ్ సే దీదీ, టైమ్ హై" (నెమ్మదిగా అక్కా, టైముంది) అన్నాడు. తొందర పెట్టలేదు, బయటికి వచ్చేస్తారా అని అడగలేదు. నా దగ్గు తగ్గేదాకా అలలో కయాక్‌ని కదలకుండా నిలబెట్టి, తర్వాతి బోయా ఎక్కడుందో వేలితో చూపించాడు. గడువు లోపలే ఒడ్డుకు చేరాను. ఆ రోజు ఆ నీళ్లలో కాపలా ఉన్న ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

సైకిల్ మీద మొదటి పంక్చర్‌కు నా దగ్గరున్న స్పేర్ ట్యూబ్ వేసుకున్నాను. రెండోది పడేసరికి నా దగ్గర ఏమీ లేదు. రోడ్డు పక్కన నిలబడి వాచీ చూసుకుంటుంటే ఏడుపొచ్చింది. ఇల్లు, బురద, అన్న రాత్రిళ్లు చేసిన పని, అన్నీ గుర్తొచ్చాయి. ఎంతోమంది దాటిపోయారు, వాళ్లను తప్పుపట్టను, ఎవరి గడువు వాళ్లది. ఒక అబ్బాయి మాత్రం ఆగాడు. ట్రైసూట్ వీపు మీద కొల్హాపూర్ అని ఉంది. బయటివాళ్ల సాయం కూడదు గానీ, తోటి పోటీదారు ట్యూబ్ ఇవ్వవచ్చు. తన ఒక్కగానొక్క స్పేర్ ట్యూబ్ తీసి ఇచ్చాడు. అంతటితో వెళ్లిపోలేదు. టైరు లోపల వేలితో తడిమి, మొదటిసారి నాకు దొరకని సన్నటి ఇనుప తీగ ముక్క బయటికి తీశాడు. రెండు పంక్చర్లకూ కారణం అదే. ఆ తర్వాత తనకే పంక్చర్ పడి ఉంటే అతని రేసు అక్కడితో అయిపోయేది. అది తెలిసే ఇచ్చాడు.

పరుగు నడినెత్తిన ఎండలో. దోనా పౌలా వైపు ఎక్కుడు, ఒంటి మీద చెమట ఆరని ఉక్క. మా ఆయన చేతిలో చల్లటి నీళ్లసీసా ఉంది, ఇవ్వడానికి లేదు. అడ్డకంచె అవతల నిలబడి, ప్రతి రౌండ్‌లోనూ ఒకే మాట అరిచాడు: "పాప చూస్తోంది!" పాప నిజంగానే వీడియో కాల్‌లో చూస్తోంది. నీళ్లు ఇచ్చిందంతా వాలంటీర్లే. కాలేజీ పిల్లలు. ఐసు ముక్కలు, తడి స్పాంజీలు, అరటిపండ్లు పట్టుకుని, చివర్లో వచ్చే మాలాంటివాళ్ల దగ్గర కూడా మొదట వచ్చినవాళ్ల కోసం అరిచినంత గట్టిగానే అరిచారు. ఆదివారం పొద్దున్నే తమ రోడ్లు మూసేసి, చర్చికీ మార్కెట్‌కీ చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చినా, గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టిన పణజి వాసులకు నా ధన్యవాదాలు.

ఒక్క మనిషికి మాత్రం ఇంకా థాంక్స్ చెప్పలేకపోయాను. ఫినిష్ దాటాక ఆ కొల్హాపూర్ అబ్బాయి కోసం చాలాసేపు వెతికాను, కనిపించలేదు. నీలం రంగు హెల్మెట్, నల్ల సైకిల్, ఎడమ మోకాలికి పట్టీ. మహారాష్ట్రలో సైకిల్ తొక్కే స్నేహితులు ఉన్నవాళ్లు ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి. అతను కూడా గడువులోపే పూర్తి చేశాడా లేదా అన్నది ముందు తెలుసుకోవాలని ఉంది.