ఈ నెల నుంచి షాపులో పనివాళ్ల బొమ్మలు, ధరల సంగతి కూడా

మా దగ్గర చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన జపాన్ బొమ్మలు కొనేవాళ్లందరికీ నమస్కారం.

షాపుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల. నిజం చెప్పాలంటే మా అద్దె కట్టేది ఆ అలే. అయినా ఈ నెల నుంచి సగం గోడ పనివాళ్లు పని చేస్తుండగా చూపించే బొమ్మలకు ఇస్తున్నాను. నాకు ప్రాణమైనవి అవే.

అల ఉన్న ఫూజీ పర్వతం సిరీస్‌లోనే ఓవారి ప్రాంతం బొమ్మ ఉంది. మనిషికంటే ఎత్తైన చెక్క తొట్టి, ఇంకా అడుగు బిగించలేదు. పక్కకి దొర్లించిన ఆ తొట్టి లోపల నిలబడి ఒకాయన చిత్రిక పడుతుంటాడు. ఆ గుండ్రటి ఖాళీలోంచి ఎక్కడో దూరాన ఫూజీ, గోరంత. చూసేవాడి కన్ను ముందు ఆ పనివాడి మీదే పడుతుంది. అదే సిరీస్‌లో ఎడో నగరంలోని టింబర్ డిపో కూడా వచ్చింది. ఎడో అంటే ఇప్పటి టోక్యో.

మరో చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన, ఎడోలోని కందా పేట అద్దకంవాళ్ల వీధి బొమ్మ కూడా తెప్పించాం. పైనుంచి వేలాడే పొడవాటి బట్టల్లో కొన్నిటి మీద ప్రచురణకర్త గుర్తు, కొన్నిటి మీద హిరోషిగే గుర్తు ఉన్నాయి. దగ్గరికెళ్లి వెతకండి.

ఇక ధర. ఇవి పాతకాలం ప్రతులు కావు. అదే పద్ధతిలో ఇప్పుడు మళ్లీ చెక్కి, చేత్తో అచ్చువేసినవి. మన పెడన కలంకారీలాగే రంగుకో అచ్చు. చెర్రీ చెక్క మీద చెక్కి, కాగితం పెట్టి, వెనకనుంచి బరెన్ అనే గుండ్రటి మెత్తతో రుద్దుతారు. ఆకాశం పైన ముదురుగా ఉండి కిందికి పలచబడాలంటే ప్రతి కాపీకీ చెక్క మీది రంగును చేత్తోనే తుడవాలి. అందుకే రెండు కాపీల్లో నీలం అచ్చంగా ఒకేలా రాదు. ఆ తేడాకి వాపసు తీసుకోలేను. చిరిగినా, మడత పడినా వెంటనే మార్చి ఇస్తాను.

ఎడోలో మామూలు జనం కొనుక్కున్న బొమ్మలకి ఇప్పుడింత రేటేంటని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు ఒక్కో బొమ్మ వందల్లో, వేలల్లో అచ్చయ్యేది. ఇప్పుడు ఆ పని చేతనైనవాళ్లే కొద్దిమంది, వాళ్ల కూలి దగ్గర బేరమాడను. బడ్జెట్ తక్కువైతే పోస్టర్లు తీసుకోండి, వెనక మెషీన్ ప్రింట్ అని స్టాంపు వేసే ఇస్తాను.

ఏది కొన్నా ఎండ పడే గోడకి మాత్రం తగిలించకండి, రంగులు వెలిసిపోతాయి.