బొమ్మను నిలబెట్టడం కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాల తర్వాత యానిమేషన్ కోర్సుల మీద మీరు వేసిన పేజీ చదివాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఫీజెంత, ఉద్యోగాలెక్కడ, అన్నీ ఉన్నాయి. బొమ్మను ఎలా నిలబెట్టాలన్న మాటే లేదు. అసలు పని అక్కడే మొదలవుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి గానీ ముందు వేసేది కథను మోసే కీ పోజులే, అంటే ముఖ్యమైన భంగిమలే. మధ్యవి తర్వాత నింపుతారు, ఇప్పుడు చాలావరకు కంప్యూటరే నింపుతోంది. పోజు చప్పగా ఉంటే ఎన్ని నింపినా చప్పగానే ఉంటుంది.

నేను పర్లాకిమిడిలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. మొన్న ఒకబ్బాయి బియ్యం బస్తా మోస్తున్న కళాసీని గీశాడు. ముఖం బాగా కుదిరింది, చెమట చుక్కలు కూడా వేశాడు. కానీ నడుం నిటారుగా ఉంది, కాళ్లు రెండూ తిన్నగా ఉన్నాయి. బస్తాలో దూది నింపినట్టుంది. బజారుకు తీసుకెళ్లి చూపించాను. బస్తా కుడి భుజం మీద పడగానే ఒళ్లు ఎడమకు ఒరుగుతుంది, మెడ పక్కకు వంగుతుంది, మోకాళ్లు కాస్త మడతపడతాయి, ఖాళీ చెయ్యి దానంతటదే దూరంగా జరుగుతుంది. తిరిగొచ్చాక ముందు తల నుంచి మడమ దాకా ఒక్క వంపు గీత గీయమన్నాను. యానిమేటర్లు దాన్ని లైన్ ఆఫ్ యాక్షన్ అంటారు. ఈసారి కళ్లూ ముక్కూ పెట్టకముందే బరువు తెలిసిపోయింది.

ఆ తర్వాత బొమ్మంతా నల్లగా పూసేయమంటాను. చేతిలో ఉన్నది ఫోనో, బీడీయో ఆ నలుపులో తెలియకపోతే చేతిని ఛాతీ మీద నుంచి పక్కకు తేవాల్సిందే. ఒడిశా తోలుబొమ్మలాట రావణఛాయ చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. సంప్రదాయంగా జింక తోలుతో చేస్తూ వచ్చిన ఆ బొమ్మలకు రంగుల్లేవు, కీళ్లు లేవు. తెర మీద పడేది ఒట్టి నీడ. భంగిమ మీదే ఆట నడవాలి.

రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేలా పెట్టేయడం ఇంకో జబ్బు. సాఫ్ట్‌వేర్‌లో క్యారెక్టర్ రెండువైపులా సమానంగా తెరుచుకుంటుంది, పిల్లలు అలాగే వదిలేస్తారు. ఒడిస్సీ నేర్చుకునే అమ్మాయిలను చూడమంటాను. చౌక అనే భంగిమలో బరువు రెండు కాళ్ల మీదా సమానం, అందులో నిబ్బరం ఉంటుంది. త్రిభంగిలో మెడ, నడుము, మోకాలు వంగి బరువు ఒక కాలి మీదకు పోతుంది, ఆ మనిషి మనసులో ఏదో ఉందనిపిస్తుంది. రాజును గంభీరంగా నిలపాలంటే సమానంగా నిలపడమే సరి. కాకపోతే తెలిసి చెయ్యాలి.

నా విన్నపం ఒక్కటే. మీ పిల్లల పేజీలో వారానికో పోజు వెయ్యండి. అలిగిన పిల్లో, బస్సు తప్పిపోయిన పెద్దాయనో, ముఖం లేకుండా నల్లటి ఆకారంగా. ఎవరో, ఏం జరిగిందో పిల్లలను రాసి పంపమనండి. బడిలో ఒడియాలో చదువుకునే మా పిల్లలు ఆ వంకన తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తారు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా