టార్ హీల్స్ గొడవ, మన వాళ్ళ వాదన

మారిస్‌విల్, నార్త్ కరొలైనా
ఏప్రిల్ 2025

బావా,

నీ ఉత్తరం నిండా సన్‌రైజర్స్ మీద తిట్లే! మొదటి మ్యాచ్‌లో 286 కొట్టిన జట్టు ఆ వెంటనే వరసగా నాలుగు ఎలా ఓడుతుందని నువ్వు నన్ను నిలదీస్తే నేనేం చెప్పను? పంజాబ్ మీద 246 లక్ష్యాన్ని అవలీలగా కొట్టేసింది కూడా ఆ జట్టే కదా. ఉప్పల్‌లో నీకు నాలుగు వారాలుగా ఉన్న తలనొప్పి ఇక్కడ మాకు నవంబరు నుంచీ ఉంది. నువ్వు ఊరికి వెళ్ళిపోయాక మన టార్ హీల్స్, అదే నార్త్ కరొలైనా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు సంగతి పట్టించుకోవడం మానేశావని తెలుసు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఈసారి నార్త్ కరొలైనా జట్టు 23 గెలిచి 14 ఓడింది. అంకెలు చూస్తే మరీ అంత ఘోరంగా లేవు, కానీ ఆడిన తీరు చూసినవాళ్ళకే తెలుసు ఆ బాధ. కాన్సస్‌లో 20 పాయింట్లు వెనకబడి, పుంజుకుని, ఆధిక్యంలోకి వచ్చి, చివరికి 92-89తో ఓడారు. హవాయిలోని మావీ టోర్నమెంటులో డేటన్ మీద 21 వెనకబడి 92-90తో గెలిచారు. న్యూయార్క్‌లో యూసీఎల్‌ఏ మీద 16 వెనకబడి 76-74తో గట్టెక్కారు. ఇలా ప్రతిసారీ ముందు గొయ్యి తవ్వుకోవడం, తర్వాత అందులోంచి ఎక్కిరావడం. చూసేవాడికి రక్తపోటు మాత్రలు ఖాయం.

జనవరిలో మూడు రోజుల తేడాతో రెండు మ్యాచ్‌లు ఒక్కొక్క పాయింటుతో పోయాయి. మొదటిది సొంత గడ్డ మీద, స్టాన్‌ఫర్డ్ చేతిలో 72-71. చివరి క్షణాల్లో బుట్టలో వేసి మనల్ని ఓడించింది ఎవరనుకున్నావు? జేలెన్ బ్లేక్స్. అంతకు ముందు మన బద్ధ ప్రత్యర్థి డ్యూక్‌లో ఆడినవాడు! డ్యూక్ వాళ్ళు ఊరు మారినా మనల్ని వదలరు. రెండోది వేక్ ఫారెస్ట్‌లో 67-66. ఫిబ్రవరి 10న క్లెమ్‌సన్ 20 పాయింట్ల తేడాతో చితక్కొట్టింది. అంతే, ఇక అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్నాక వీళ్ళు వరసగా ఆరు గెలిచారు. వర్జీనియా టెక్ మీదైతే 91-59. ఇలాంటి జట్టును ఏమని తిట్టాలి, ఏమని మెచ్చుకోవాలి?

కేరీలో మన పాత గుంపు ఇప్పటికీ మ్యాచ్‌కు ఎవరో ఒకరి ఇంట్లో చేరుతూనే ఉంది. పులిహోర, మిరపకాయ బజ్జీలు, టీవీ ముందు కేకలు, ఏమీ మారలేదు. కాకపోతే ఈసారి గుంపు నిలువునా రెండుగా చీలింది. ఒక పక్క మన నెల్లూరు పెద్దాయన. పాత కోచ్ డీన్ స్మిత్ కాలం నుంచీ చూస్తున్న మనిషి కదా, ఆయనకు ఏదీ ఆనదు. ఇంకో పక్క వరంగల్ తమ్ముడు. 2022లో డ్యూక్‌ను ఓడించిన రాత్రి ఫ్రాంక్లిన్ వీధిలో గొంతు పోయేదాకా అరిచినవాడు. వాడి దృష్టిలో మన కోచ్ హ్యూబర్ట్ డేవిస్‌ను ఒక్క మాట అన్నా మహాపాపం.

తమ్ముడి వాదనంతా ఆ 2022 చుట్టూనే తిరుగుతుంది. డేవిస్ కోచ్‌గా మొదటి ఏడాది. డిసెంబరులో కెంటకీ 98-69తో ఉతికి ఆరేసింది, జనవరిలో మయామీ 85-57తో, ఫిబ్రవరిలో సొంత మైదానంలో డ్యూక్ 87-67తో. పిట్స్‌బర్గ్ కూడా మన ఇంటికొచ్చి ఓడించి వెళ్ళింది. ఈయన పనికిరాడని అప్పుడు అనని నోరు లేదు. తర్వాత ఏమైందో నీకు నేను చెప్పాలా? డ్యూక్ కోచ్ షషెఫ్‌స్కీ తన సొంత మైదానంలో ఆడించిన ఆఖరి మ్యాచ్‌లో 94-81, మళ్ళీ న్యూ ఓర్లీన్స్‌లో 81-77, ఆయన వీడ్కోలు సంబరం రెండుసార్లు చెడగొట్టింది మనవాళ్ళే. మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంటుకు ఎనిమిదో సీడ్‌గా వెళ్ళి ఫైనల్ దాకా! అందుకని తమ్ముడు ప్రతి ఓటమి తర్వాతా ఒకే మాట: "ఆగండన్నా, మార్చి రానివ్వండి."

నాకు చిర్రెత్తేది సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్క ఏడాది మన అందరి బుర్రలూ పాడుచేసింది బావా. అప్పటి నుంచి ఏ జట్టు తడబడినా "2022 గుర్తులేదా" అంటారు. మరి 2023 గుర్తులేదా? ఫైనల్ ఆడిన ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు, దేశంలో నంబర్ వన్ జట్టుగా సీజన్ మొదలుపెట్టారు, నవంబరు, డిసెంబరుల్లో వరసగా నాలుగు ఓడారు. అందులో అలబామాతో నాలుగు ఓవర్‌టైముల మ్యాచ్ ఒకటి, 103-101. చివరికి 20-13తో నిలిచి, మార్చి టోర్నమెంటుకు పిలుపే రాలేదు. 1985లో టోర్నమెంటు 64 జట్లకు పెరిగాక, నంబర్ వన్‌గా మొదలై అసలు చోటే దక్కని మొదటి జట్టు మనదే. ఆ ఏడాదీ "ఆగండి, మార్చి రానివ్వండి" అన్నవాళ్ళు ఉన్నారు. మార్చి వచ్చింది, వెళ్ళింది.

2022లో ఆ జట్టు కుదురుకోవడానికి కారణం ఓర్పు కాదు. బ్రేడీ మానెక్ లాంటి పొడవాటివాడు బయటి నుంచి మూడు పాయింట్లు కొట్టేవాడు, వాడిని ఆపడానికి ఎదుటివాళ్ళు బయటికి వస్తే లోపల బుట్ట దగ్గర ఆడే బేకాట్‌కు చోటు దొరికేది. మానెక్ చదువు ముగిసి వెళ్ళిపోగానే ఆ అమరిక చెదిరింది, 2023 కథ అదే. ఇప్పుడు బేకాట్ కూడా లేడు. ఐదేళ్ళు బుట్ట కింద కాపలా కాసినవాడు వెళ్ళిపోతే ఆ స్థానంలోకి తగిన పొడుగువాడిని తేలేకపోయారు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల వెన్-అలెన్ లుబిన్ సెంటర్‌గా నిలబడాల్సి వచ్చింది. పాపం, వాడు తన శక్తికి మించే ఆడాడు, ఫిబ్రవరిలో వాడికి ఎక్కువ సేపు ఆడే వీలు వచ్చాకే జట్టు కాస్త గాడిన పడింది. కానీ బంతి నడిపే గార్డులేమో కుప్పలు తెప్పలు, పొడుగువాళ్ళు కరువు. ఈ కొరత మే నెలలోనే కనిపించింది, సరిదిద్దుకోకుండా సీజన్‌లోకి దిగారు. పెద్దాయన ఇదే అంటాడు, నేనూ ఆయన పక్షమే. బంతి బుట్టలో పడలేదని కోచ్‌ను తిట్టడం దండగ. జట్టును ఇలా కూర్చినందుకు అడగడం మాత్రం న్యాయం.

అన్నట్టు, డీన్ స్మిత్ దిష్టిబొమ్మ కథ కూడా ఈసారి బయటికొచ్చింది. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో 107-85తో ఓడి బస్సు యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్‌కు తిరిగొచ్చేసరికి విద్యార్థులు కోచ్ దిష్టిబొమ్మను వేలాడదీశారు. ఆటగాడు బిల్లీ కన్నింగ్‌హామ్ దిగి దాన్ని పీకి పారేశాడు. ఆ కోచే తర్వాత 879 మ్యాచ్‌లు గెలిచాడు, రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చాడు, ఇప్పుడు 21 వేలకు పైగా జనం పట్టే ఆ హాలుకు ఆయన పేరే. తమ్ముడు ఈ కథ చెప్పి "చూశారా, విమర్శించినవాళ్ళు ఏమయ్యారు" అన్నాడు. పెద్దాయన బజ్జీ నములుతూ చాలా శాంతంగా "మ్యాట్ డోహర్టీ అని ఒకడుండేవాడు, విన్నావా బాబూ" అన్నాడు. 2001-02లో 8 గెలుపులు, 20 ఓటములు. వరసగా 27 ఏళ్ళు టోర్నమెంటుకు వెళ్ళిన జట్టు ఆ ఏడు ఇంట్లో కూర్చుంది. ఆ మరుసటి ఏడాది డోహర్టీ దిగిపోయాడు, రాయ్ విలియమ్స్ వచ్చాడు, 2005లో టైటిల్ వచ్చింది. అప్పుడు విమర్శించినవాళ్ళే కరెక్టు. తిట్లు తిన్న ప్రతివాడూ డీన్ స్మిత్ అయిపోడు కదా!

తమ్ముడికి నోట మాట రాలేదు. ఒక బజ్జీ తీసుకున్నాడంతే.

మార్చి 14 రాత్రి సంగతి చెప్పాలి నీకు. షార్లెట్‌లో మన జట్టు ఆడే లీగు ఏసీసీ టోర్నమెంటు సెమీఫైనల్, ఎదురుగా డ్యూక్. చీలమండ గాయంతో వాళ్ళ స్టార్ కూపర్ ఫ్లాగ్ ఆడలేదు. అయినా మనవాళ్ళు 24 వెనకబడ్డారు. పెద్దాయన లేచి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి కోలుకుని, నాలుగు సెకన్లు మిగిలుండగా తేడా ఒక్క పాయింటు, లుబిన్ ఫ్రీ త్రో గీత దగ్గర. మొదటిది తప్పాడు. రెండోది వేశాడు, పడింది, 72-72, ఇల్లు దద్దరిల్లింది. అప్పుడు ఈల. బంతి లుబిన్ చేతిని వదలక ముందే జేలిన్ విథర్స్ గీత దాటి లోపలికి అడుగేశాడట. పాయింటు చెల్లలేదు, బంతి డ్యూక్‌కు, 74-71. టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు: అందరి కళ్ళూ బంతి మీద, ఆ ఒక్క కాలు మాత్రం ముందుకు. తిరిగొచ్చిన బంతి పట్టాలన్న ఆత్రం, అంతే. పెద్దాయన ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో అలాగే నిలబడిపోయాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత విథర్స్‌ను జనం ఎంత తిట్టారో చెప్పను. ఇక్కడ మాత్రం నేను పూర్తిగా తమ్ముడి వైపు. పోయినేడు బేకాట్ ఏం చెప్పాడో గుర్తుందా? టోర్నమెంటులో మిషిగన్ స్టేట్ మీద 85-69తో గెలిచిన మ్యాచ్ తర్వాత, తనకు సరిపడా రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతులు పట్టడం) రాలేదని వందకు పైగా తిట్ల సందేశాలు వచ్చాయట. గెలిచాక! ఎందుకంటే వాటిని పంపినవాళ్ళకు జట్టు గెలిచిందా ఓడిందా అన్నది అక్కర్లేదు, వాడి రీబౌండ్ల మీద పందెం కాసి డబ్బు పోగొట్టుకున్నారు. మన రాష్ట్రంలో ఫోనులో పందేలు చట్టబద్ధమైంది ఆ 2024 మార్చి 11నే. అలాంటి పందేలు కళాశాల ఆటగాళ్ళ మీద వద్దని కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ ఆ నెలలోనే అడిగాడు. ఆటగాళ్ళకు ఇప్పుడు డబ్బులొస్తున్నాయి కాబట్టి పడాల్సిందే అని మన గుంపులోనే ఒకాయన అన్నాడు. 2021 నుంచి వాళ్ళు తమ పేరు మీద సంపాదించుకుంటున్న మాట నిజమే. ఆట బాగాలేదనడానికి అది చాలు. నేరుగా వాడి ఫోనుకు బూతులు పంపడానికి మాత్రం ఎంత డబ్బిచ్చినా హక్కు రాదు.

సరే, ఆదివారం జాతీయ టోర్నమెంటుకు జట్ల ఎంపిక. బలమైన జట్లతో, అంటే క్వాడ్రంట్ వన్ అంటారే, ఆ మ్యాచ్‌ల్లో మన లెక్క 1 గెలుపు, 12 ఓటములు. దానితో లోపలికి వచ్చే దారే లేదనుకున్నాం. చిట్టచివరి జట్టుగా తీసుకున్నారు! ఎంపిక కమిటీకి ఛైర్మన్ ఎవరంటే మన సొంత అథ్లెటిక్ డైరెక్టర్ బబ్బా కన్నింగ్‌హామ్. మన జట్టు మాట వచ్చినప్పుడు ఆయన చర్చలో లేడన్నారు, నియమం కూడా అదే. అయినా దేశం వింటుందా? చోటు దక్కని వెస్ట్ వర్జీనియా గవర్నరు ఏకంగా విలేకరుల సమావేశం పెట్టి దర్యాప్తు చేయిస్తానన్నాడు. ఒక బాస్కెట్‌బాల్ జట్టు కోసం గవర్నరు! మన దగ్గర ఇది జరిగి ఉంటే బంద్ కూడా పిలిచేవారు.

డేటన్ ఊళ్ళో ఆ కసి అంతా శాన్ డియేగో స్టేట్ మీద తీర్చుకున్నారు, 95-68. మన గార్డు ఆర్జే డేవిస్ మూడు పాయింట్ల షాట్లు ఆరు వేస్తే ఆరూ పడ్డాయి, మొత్తం 26. తమ్ముడు నా భుజం మీద కొట్టి "అన్నా, 2022!" అన్నాడు. మూడు రోజుల తర్వాత మిల్వాకీలో ఓలె మిస్ చేతిలో మళ్ళీ అదే కథ: ముందు వెనకబడటం, తర్వాత వెంటపడటం, 71-64తో ఇంటికి. ఐదేళ్ళు ఆడిన ఆర్జేకు అది చివరి మ్యాచ్. వాడు ఇంకాస్త మంచి జట్టుకు నాయకుడై ఉండాల్సినవాడు. ఈ సీజన్ మొత్తంలో నాకు నిజంగా కోపం తెప్పించింది అదొక్కటే.

ఇప్పుడు జట్టు సగం ఖాళీ అవుతోంది. కాడో మిషిగన్‌కు వెళ్ళాడు, ఇయాన్ జాక్సన్ సెయింట్ జాన్స్‌కు. జట్టు కూర్పు చూసుకోవడానికి జిమ్ టానర్ అనే ఆయన్ని జనరల్ మేనేజరుగా పెట్టారు. అంటే తప్పు ఎక్కడుందో వాళ్ళకూ తెలిసిందన్నమాట. అరిజోనా నుంచి హెన్రీ వేసార్ వస్తున్నాడు, ఏడడుగులు. ఇంకోపక్క మన యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు పేరుమోసిన కోచ్ బెలిచిక్‌ను తెచ్చారు, ఏడాదికి కోటి డాలర్లు. ఆ ఖర్చు మధ్య మన ఆటకు ఏం మిగులుతుందోనని పెద్దాయనకు కొత్త బెంగ పట్టుకుంది. కోచ్ డేవిస్‌ను ఇంకో ఏడాది చూడాలంటాను నేను. 2024లో 29 గెలిచి మొదటి సీడ్ తెచ్చింది కూడా ఈయనే కదా. పెద్దాయన క్రిస్మస్ దాకా చాలంటున్నాడు. తమ్ముడు జీవితాంతం అంటున్నాడు.

నవంబరులో ఇటు వచ్చే పని ఉందన్నావు. తేదీలు ముందే రాయి, టికెట్లు నేను చూస్తాను. వచ్చేటప్పుడు పెద్దాయనకు గోంగూర పచ్చడి, నాకు కాకినాడ కాజాలు. అక్కకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ బావ