పేళ్లు చూసి గీత మరవొద్దు

సంపాదకుడు గారికి,

పోటీ పరీక్షల విద్యార్థుల కోసం మీరు వేసే పేజీలో 'లెట్ ద చిప్స్ ఫాల్ వేర్ దే మే' అన్న ఇంగ్లిషు నుడికారానికి 'అంతా అదృష్టానికి వదిలేయడం' అని అర్థమిచ్చి, పక్కనే జూదపు బల్ల మీది రంగు బిళ్లల బొమ్మ వేశారు. రెండూ సరికావు. ఆ చిప్స్ గొడ్డలి దెబ్బకు ఎగిరే చెక్కపేళ్లు; 'పేళ్లు ఎక్కడ పడితే అక్కడ పడనీ' అని ఆ మాట.

మాది వడ్రంగం చేసిన ఇల్లు. మా నాన్నగారు తుమ్మ దుంగ చెక్కబోయే ముందు, ఎర్రమన్ను నీళ్లలో తడిపిన నూలుతాడును ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి, మధ్యలో పట్టి లేపి వదిలేవారు. ఠప్పున తిన్నని గీత పడేది. ఇక చూపంతా దాని మీదే, బాడిస దాని వెంటే. పేళ్లు మా వాకిట్లో పడ్డాయా, పక్కవాళ్ల అరుగు మీద పడ్డాయా అని తల తిప్పేవారు కాదు. తిప్పితే దుంగ చెడుతుంది, ఒక్కోసారి కాలి వేళ్లూ తెగుతాయి. ఇంగ్లిషు వాళ్ల మాటా ఈ పనిలోదే. దానికి ముందు సగం ఒకటుంది: 'హ్యూ టు ద లైన్', గీత వెంటే చెక్కు అని. వాడుకలో అది రాలిపోవడంతో మిగిలిన సగం జూదగాళ్ల మాటలా వినిపిస్తోంది.

ఈ రెండు సగాలూ కలిసి వినిపించిన సందర్భం ఒకటుంది: 1880లో అమెరికాలోని షికాగోలో జరిగిన రిపబ్లికన్ పార్టీ సభలో సెనేటర్ రాస్కో కాంక్లింగ్, మాజీ అధ్యక్షుడు గ్రాంట్ పేరును మళ్లీ అధ్యక్ష పదవికి ప్రతిపాదిస్తూ, ఆయన న్యాయమనే గీత వెంటే చెక్కుతారని, పేళ్లు ఎటు ఎగిరినా సరేనంటారని పొగిడారు. 

పరీక్ష రాసొచ్చిన అమ్మాయి 'ఇక నా అదృష్టం' అనుకునే చోట ఈ నుడి పనికిరాదు. బిల్లుల్లో తేడా పట్టుకున్న ఆడిటరు, అది తన పై అధికారి మెడకే చుట్టుకుంటుందని తెలిసీ నివేదికలో ఉన్నదున్నట్టు రాశాడనుకోండి, అక్కడ అతికినట్టు సరిపోతుంది. 'ఎవరికి తగిలినా సరే, ఏమైతే అదవుతుంది' అని మనమూ అలాంటప్పుడే అంటాం.

మా ఊరి గ్రంథాలయంలో పిల్లలు మీ పేజీ చూసి నోట్సు రాసుకుంటారు, పరీక్షలో అదే దించుతారు. వచ్చే వారం అదే చోట, పూర్తి వాక్యంతో సహా సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయుడు, తణుకు