నిరాశ్రయుల సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ (2024 నవంబరు – 2025 జూన్)

కాలనీవాసులకు నమస్కారం. సికింద్రాబాద్ స్టేషను చుట్టుపక్కల, గాంధీ ఆసుపత్రి ప్రహరీ వెంట ఫుట్‌పాత్‌ల మీద రాత్రుళ్లు గడిపేవారి కోసం మీరంతా ఇచ్చిన డబ్బు లెక్క చెప్పమని కొందరు అడుగుతున్నారు. అడగడం న్యాయమే. నేరుగా అడగకుండా వాట్సాప్ గ్రూపులో గుసగుసలు నడపడం మాత్రం మాకు బాధ కలిగించింది.

జమ: ఇళ్ల చందాలు 1,46,500 రూపాయలు, రెండు అపార్ట్‌మెంట్ సంఘాలు ఇచ్చినది 60,000, లడ్డూ వేలం నుంచి 20,000, పాత పేపర్ల అమ్మకం 3,200, బ్యాంకు వడ్డీ 650, మొత్తం 2,30,350 రూపాయలు. ఇచ్చిన ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు. లడ్డూ పాట 51,000కు పోయినా మిగతా 31,000 ఇంకా మా చేతికి రాలేదు. పాడినవారి పేరు రాయడం మర్యాద కాదు గనుక రాయడం లేదు. మళ్లీ చవితి వచ్చేలోగా చెల్లించడం ఆనవాయితీ అని వారికి తెలియనిది కాదు.

ఖర్చు: 120 దుప్పట్లకు 25,200, మందులకూ భోజనాలకూ 13,400, ఆధార్, బ్యాంకు ఖాతాల పనికి 6,150. ఆధార్ నమోదు ఉచితమే కదా అన్నవారికి మా జవాబు: ఆటోలు, ఫొటోలు, నోటరీ, ఆ రోజు పోయిన కూలి ఉచితం కావు.

ఇక అసలు వివాదమంతా అద్దె గదుల మీద. మూడు కుటుంబాలకు నెలకు 6,500 చొప్పున మూడు గదులు తీసుకున్నాము. జనవరి నుంచి జూన్ వరకు అద్దె 1,17,000, రెండు నెలల అడ్వాన్సు 39,000, గిన్నెలు, స్టవ్‌లు, చాపలు, తాళాలు 14,700. దుప్పట్ల కోసమని వసూలు చేసి గదులకు పెట్టారన్నది ఆరోపణ. చందా కరపత్రంలో "నీడ కల్పించడానికి" అనే ఉంది, దయచేసి మరోసారి చదవండి. చలికాలంలో ఒకే ఫుట్‌పాత్‌కు నాలుగు బృందాలు దుప్పట్లు పంచుతాయి, తొలి వానకు అవి తడిసి పనికిరాకుండా పోతాయి. తాళం వేసుకునే గది ఉంటే పనికి వెళ్లే మనిషి తన సామానుకు కాపలా పెట్టనక్కరలేదు.

జీహెచ్‌ఎంసీ షెల్టర్లు ఉండగా ఇదెందుకు అన్న ప్రశ్న సరైనదే. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. 2011 జనగణన నాటికే గ్రేటర్ జనాభా 67 లక్షలు దాటింది గనుక ఆ లెక్కన అరవైకి పైగా ఉండాలి, ఉన్నవి అందులో చాలా తక్కువ. పైగా మగవారికి ఒక చోట, ఆడవారికి మరో చోట అంటే భార్యాభర్తలు, పిల్లలు విడిపోవాలి. ఈ మూడు కుటుంబాలూ అందుకు ఒప్పుకోలేదు. వారి స్థానంలో మనమున్నా ఒప్పుకోము.

నవంబరులో వసూలైన డబ్బు జనవరి దాకా ఎవరి జేబులో తిరిగిందని అడిగారు. అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరూ సంతకం చేస్తే తప్ప రూపాయి కదలని ఉమ్మడి ఖాతాలోనే ఉంది. ఆలస్యానికి కారణం ఇంటి యజమానులు: గది చూపించి, ఎవరికోసమో తెలియగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" అనేవారు, ఒకాయన తీసుకున్న అడ్వాన్సు కూడా మర్నాడే తిరిగిచ్చేశాడు. చివరకు కమిటీ సభ్యులే తమ పేర్ల మీద 11 నెలల ఒప్పందం రాయించుకుంటే గానీ గదులు దొరకలేదు. ఒక యజమాని రసీదు రాయనన్నందున ఆయనకు ప్రతి నెలా ఫోన్‌పేలోనే పంపుతున్నాము. మే నెలలో ఒక కుటుంబం సొంతూరికి వెళ్లిపోయింది. దానిని డబ్బు వృథా అయినట్టుగా ప్రచారం చేశారు. ఆ గదిలో ఇప్పుడు ఆసుపత్రి ప్రహరీ పక్కన ఉండే తల్లీకూతుళ్లు ఉంటున్నారు.

మొత్తం ఖర్చు 2,15,450. చేతిలో నిల్వ 14,900; అడ్వాన్సు 39,000 గదులు ఖాళీ చేసేటప్పుడు తిరిగి రావలసినది. జూలై అద్దె 19,500 అయిదో తేదీలోగా కట్టాలి. ఇస్తామని పేరు రాయించి ఇంకా ఇవ్వని పదకొండు ఇళ్లవారు ఈలోగా కోశాధికారిని కలవగలరు. పాస్‌బుక్కు, రసీదులు, ఒప్పంద పత్రాలు ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా కమ్యూనిటీ హాలులో ఎవరైనా చూడవచ్చు.