టీకాల నగరంలో పరిశోధక విద్యార్థుల అవస్థ

సంపాదకులకు నమస్కారం.

టీకాల తయారీలో హైదరాబాదు పేరు ఎత్తినప్పుడల్లా మనకు జీనోమ్ వ్యాలీ అనే పారిశ్రామిక ప్రాంతంలోని కర్మాగారాలే గుర్తుకొస్తున్నాయి గానీ, ఆ టీకాలకు ఆధారమైన ఇమ్యునాలజీని, అంటే శరీర రోగనిరోధక శక్తి గురించిన శాస్త్రాన్ని, విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో నేర్చుకుంటున్న పీహెచ్‌డీ విద్యార్థులు గుర్తుకు రావడం లేదు.

పసిపిల్లలకు విరేచనాలు కలిగించే రోటా వైరస్‌కు వేసే రోటావ్యాక్ టీకా సంగతే చూడండి. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, రోటా వైరస్ సోకినా విరేచనాలు పట్టుకోని నవజాత శిశువులను గమనించింది. ఆ శిశువులకు తర్వాత కూడా ఆ జబ్బు నుంచి కొంత రక్షణ దొరికిందని తేలింది. వారి నుంచి వేరుచేసిన 116ఈ అనే వైరస్ రకమే హైదరాబాదు కంపెనీ భారత్ బయోటెక్‌లో టీకాగా రూపొంది, 2014లో అనుమతి పొంది, 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేరింది. దాన్ని ముందుగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆసుపత్రి వార్డులో కనిపించిన ఒక విషయం పసిపిల్లల నోట్లో చుక్కల మందుగా మారడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. శరీరం ఆ వైరస్‌ను ఎలా ఎదుర్కొంటుందో ఓపికగా పరీక్షించగలిగిన శిక్షణ ఉన్నవాళ్లు లేకపోతే ఆ పని సాగేదే కాదు.

అలాంటి శిక్షణ ఇప్పుడు ఎలా సాగుతోంది? ప్రయోగశాలలో ఎలుకకు, పరీక్షిస్తున్న టీకా మొదటి మోతాదు ఇచ్చాక రెండు మూడు వారాలకు రెండోది ఇవ్వాలి. ఆపైన నిర్ణీత రోజున రక్తం, ప్లీహం (రోగనిరోధక కణాలు ఎక్కువగా ఉండే అవయవం) సేకరించి, వాటిలోని కణాలను ఫ్లో సైటోమీటర్ అనే, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరీక్షించి లెక్కించే యంత్రం మీద పరీక్షించాలి. కణాలను గుర్తుపట్టడానికి వాటికి అతుక్కునేలా వాడే, రంగు కట్టిన యాంటీబాడీలు అనే ప్రోటీన్లు చాలావరకు విదేశాల నుంచే రావాలి, దారి పొడవునా చల్లగా ఉండాలి. కొటేషన్ల దగ్గరో, కొనుగోలు కమిటీ దగ్గరో, గ్రాంటు విడుదల దగ్గరో ఆలస్యమైతే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో ప్రయోగం మొదలుపెట్టాల్సిన ఎలుకలకు ఆ వయసు దాటిపోతుంది. మళ్లీ కొత్త ఎలుకలను పెంచి మొదటి నుంచి రావలసిందే. ఇది చాలదన్నట్టు, పరిశోధన సంస్థలు కొనే పరికరాలకు జీఎస్టీ 5 శాతమే ఉండేలా ఇచ్చిన రాయితీని 2022 జులైలో ఎత్తేయడంతో పన్ను 18 శాతం వరకు పెరిగింది. అసలే చిన్న గ్రాంట్లతో నడిచే రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అప్పుడది పెద్ద దెబ్బే అయింది.

పరిశోధక విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నెలసరి భత్యం, అంటే ఫెలోషిప్, 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలకు పెరగడం సంతోషమే. అయితే ఆ డబ్బు నెలనెలా చేతికి అందితేనే ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థి అద్దె కట్టుకోగలడు. పైగా ఫెలోషిప్ మొత్తం కాలం ఐదేళ్లే. యాంటీబాడీల కోసం ఎదురుచూసిన నెలలను అందులోంచి ఎవరూ మినహాయించరు. ఆ ఎదురుచూపులోనే విసిగి, చదువు మధ్యలో వదిలి ఉద్యోగాలకు వెళ్లిపోయే తెలివైన పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది.

ఉస్మానియా, కాకతీయ వంటి విశ్వవిద్యాలయాల విద్యార్థులందరూ వాడుకునేలా ఒక ఉమ్మడి ఫ్లో సైటోమెట్రీ కేంద్రాన్ని, ప్రయోగాలకు ఎలుకలను పెంచే జంతుశాలను ఏర్పాటు చేయడం రాష్ట్ర ప్రభుత్వానికి అసాధ్యం కాదు. అక్కడ శాశ్వత సాంకేతిక సిబ్బంది ఉండడం చాలా ముఖ్యం, ఎందుకంటే నడిపేవారు లేని యంత్రం ఎంత ఖరీదైనదైనా మూలన పడుతుంది. ఈ విద్యార్థులనే రేపు ఉద్యోగాల్లోకి తీసుకునే టీకా కంపెనీలు ఆ ఖర్చులో వాటా భరించడం న్యాయం. రాబోయే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు కేటాయించాలని, ఫెలోషిప్‌లు ప్రతి నెలా నిర్ణీత తేదీన అందేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలని ముఖ్యమంత్రిని, విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ